సూపర్లేటివ్ తర్వాత ‘ఇన్’ ఎప్పుడు, ‘ఆఫ్’ ఎప్పుడు?

సూపర్లేటివ్ అంటే ‘టాలెస్ట్’, ‘బెస్ట్’ లాంటి, అందరికంటే ఎక్కువ అని చెప్పే రూపం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ‘రవి ఈజ్ ది టాలెస్ట్ బాయ్ ఆఫ్ ది క్లాస్’ అని రాస్తే టీచరుగారు ‘ఆఫ్’ కొట్టేసి ‘ఇన్’ పెట్టారు. సరే, ఇకమీదట ‘ఇన్’ వాడదామని ‘రవి ఈజ్ ది టాలెస్ట్ ఇన్ ది త్రీ బ్రదర్స్’ అని రాస్తే ఈసారి ‘ఇన్’ కొట్టేసి ‘ఆఫ్’ పెట్టారు. ఆ తర్వాత పుస్తకంలో ‘ది హ్యాపియెస్ట్ డే ఆఫ్ మై లైఫ్’ కనబడింది. క్లాసూ ఏకవచనమే, లైఫూ ఏకవచనమే, మరి ఒకచోట ‘ఇన్’, ఇంకోచోట ‘ఆఫ్’ ఏమిటి అన్నది మీ సందేహం. ‘అమాంగ్’ ఎప్పుడు వాడాలి, ‘ఎవర్’ ఉన్న వాక్యాల్లో ఏం చేయాలి అని కూడా అడిగారు.

టీచరుగారు రెండుసార్లూ సరిగ్గానే దిద్దారు. కాకపోతే కారణం చెప్పి ఉంటే మీకు ఈ తిప్పలు తప్పేవి.

ముందు మనకి ఈ చిక్కు ఎందుకొస్తుందో చూడండి. తెలుగులో ‘క్లాసులో అందరికంటే పొడుగు’ అంటాం, ‘ముగ్గురు అన్నదమ్ముల్లో పొడుగు’ అంటాం, ‘నా జీవితంలో అతి సంతోషకరమైన రోజు’ అంటాం. మూడుచోట్లా ఒకటే ‘లో’. స్థలానికీ అదే, మనుషుల గుంపుకీ అదే, కాలానికీ అదే. ఆ ‘లో’ని తీసుకెళ్లి ఇంగ్లిష్‌లో ‘ఇన్’ చేసేస్తాం. ఇంగ్లిష్ మాత్రం ఆ మూడింటినీ మూడు రకాలుగా చూస్తుంది. కాబట్టి రాసేముందు ఆ ‘లో’ ఏ రకం ‘లో’ అని ఒక్క క్షణం ఆగి చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

స్కూల్లో సాధారణంగా చెప్పే సూత్రం: స్థలం పేరు గాని, ఏకవచనంలో ఉన్న గుంపు పేరు గాని వస్తే ‘ఇన్’, బహువచనం వస్తే ‘ఆఫ్’. చాలావరకు పనిచేస్తుంది గాని నేను పాఠం చెప్పేటప్పుడు దీంతో మొదలుపెట్టను. ఎందుకంటే ‘ది వర్స్ట్ స్టార్మ్ ఇన్ టెన్ ఇయర్స్’ దగ్గర ‘ఇయర్స్’ బహువచనమే, అయినా ‘ఇన్’ వస్తుంది. ‘ది లాంగెస్ట్ డే ఆఫ్ ది ఇయర్’ దగ్గర ‘ఇయర్’ ఏకవచనమే, అయినా ‘ఆఫ్’ వస్తుంది. సూత్రం బట్టీపట్టిన పిల్లలు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు.

దానికి బదులు ఈ ప్రశ్న వేసుకోండి: నేను ఎవర్ని గురించి చెబుతున్నానో ఆ మనిషి లేదా వస్తువు, ప్రిపోజిషన్ (‘ఇన్’, ‘ఆఫ్’ లాంటి మాట) తర్వాత వచ్చేవాటిలో తనూ ఒకటా?

రవి ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకడా? ఒకడే. ‘ది టాలెస్ట్ ఆఫ్ ది త్రీ బ్రదర్స్’. రవి ఒక క్లాసా? కాదు, క్లాసులో ఉండే కుర్రాడు. ‘ది టాలెస్ట్ బాయ్ ఇన్ ది క్లాస్’. తనలాంటివాళ్ల మధ్య నిలబెట్టి పోలిస్తే ‘ఆఫ్’, తను ఉండే చోటు చెబితే ‘ఇన్’. అంతే తేడా.

దీన్ని ఒక్క ఉదాహరణతో నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఇందులో ఇంకో సంగతి దాగుంది. గురుగ్రహాన్ని తీసుకోండి. గ్రహాలన్నిటిలోకి పెద్దది. రెండు రకాలుగా రాయొచ్చు. ‘జూపిటర్ ఈజ్ ది లార్జెస్ట్ ఆఫ్ ది ప్లానెట్స్.’ ‘జూపిటర్ ఈజ్ ది లార్జెస్ట్ ప్లానెట్ ఇన్ ది సోలార్ సిస్టమ్.’ మొదటిదాంట్లో గురుడూ ఒక గ్రహమే కాబట్టి ‘ఆఫ్’. రెండోదాంట్లో గురుడు ఒక సౌరకుటుంబం కాదు, అందులో ఉన్నవాడు, కాబట్టి ‘ఇన్’. ఇంతవరకు తెలిసిందే. ఇప్పుడు రెండో వాక్యంలోంచి ‘ప్లానెట్’ అనే మాట తీసేయండి: ‘జూపిటర్ ఈజ్ ది లార్జెస్ట్ ఇన్ ది సోలార్ సిస్టమ్.’ వాక్యం చదవడానికి బాగానే ఉంది గాని విషయం తప్పైపోయింది! సౌరకుటుంబంలో అన్నిటికన్నా పెద్దది సూర్యుడు కదా.

ఏమైందంటే, ‘ఆఫ్ ది ప్లానెట్స్’ అన్నప్పుడు ఏ జాతివాటితో పోలుస్తున్నామో ఆ ‘ఆఫ్’ భాగమే చెప్పేస్తుంది. అందుకే దాని ముందు మళ్లీ ‘ప్లానెట్’ అక్కర్లేదు. ‘ఇన్’ అలా కాదు. అది చోటు మాత్రమే చెబుతుంది, జాతి చెప్పదు. అందుకని ‘ఇన్’ వాడే వాక్యంలో సూపర్లేటివ్ పక్కన నౌన్ ఉండటం మంచిది. సందర్భంలో తెలిసిపోతుంటే తీసేయొచ్చు. ‘రవి ఈజ్ ది టాలెస్ట్ ఇన్ ది క్లాస్’ అంటే పిల్లల గురించే అని ఎవరికైనా తెలుస్తుంది, బీరువాతో పోలుస్తున్నాం అనుకోరు. కానీ ‘ఆఫ్’ వాడుతూ ‘ది లార్జెస్ట్ ప్లానెట్ ఆఫ్ ది ప్లానెట్స్’ అని రాస్తే మాత్రం చెప్పిందే చెప్పినట్టు ఉంటుంది. మీ నోట్సులో మీ పాత వాక్యాలు చూసుకోండి. ‘ఆఫ్’ పడాల్సినచోట ‘ఇన్’ పడిన వాక్యాల్లో చాలావాటికి సూపర్లేటివ్ పక్కన నౌన్ ఉండదు. ‘ది టాలెస్ట్ ఇన్ ది త్రీ బ్రదర్స్’ అందుకు నమూనా.

గ్రహాల మాట వచ్చింది కాబట్టి: 2006 దాకా ‘ది స్మాలెస్ట్ ఆఫ్ ది ప్లానెట్స్’ అంటే ప్లూటో. ఆ ఏడాది ప్లూటోని గ్రహాల జాబితాలోంచి మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చాక అదే మాటకి జవాబు బుధుడైంది. ‘ఆఫ్’ తర్వాత ఎవర్ని నిలబెడుతున్నారన్నదాని మీదే వాక్యం నిజమా కాదా అన్నది ఆధారపడుతుంది.

ఇప్పుడు చోటు సంగతి. స్థలం వస్తే ‘ఇన్’ అన్నది పూర్తి నిజం కాదు. స్థలం వస్తే, ఆ స్థలానికి మామూలుగా ఏ ప్రిపోజిషన్ వాడతామో అదే. సూపర్లేటివ్‌కీ దానికీ సంబంధం లేదు. వరల్డ్, కంట్రీ, సిటీ, రూమ్, క్లాస్, ఫ్యామిలీ వీటికి మామూలుగా ‘ఇన్’ వస్తుంది, కాబట్టి ‘ది టాలెస్ట్ బిల్డింగ్ ఇన్ ది వరల్డ్’, ‘ది ఓల్డెస్ట్ బ్రిడ్జ్ ఇన్ ది సిటీ’. కానీ ఐలండ్‌కి ‘ఆన్’ వాడతాం, అందుకే ‘ది హయ్యెస్ట్ పాయింట్ ఆన్ ది ఐలండ్’. ప్లానెట్‌కీ అంతే: ‘ది డ్రైయెస్ట్ ప్లేస్ ఆన్ ది ప్లానెట్’. అదే అర్థంలో ‘వరల్డ్’ వస్తే ‘ఇన్ ది వరల్డ్’, ‘ఎర్త్’ వస్తే ‘ఆన్ ఎర్త్’. ఇది చాలామందికి తెలియక ‘ది హయ్యెస్ట్ మౌంటెన్ ఇన్ ది ఎర్త్’ అని రాస్తుంటారు. ఎవరెస్ట్ 8,848.86 మీటర్లు. ఆ వాక్యాన్ని ‘ఇన్ ది వరల్డ్’ అనైనా ‘ఆన్ ఎర్త్’ అనైనా ముగించండి. ‘ఇన్ ది ఎర్త్’ అంటే కొండ భూమి లోపలికి దిగిపోయినట్టుంటుంది.

ఇంకా: ‘ది చీపెస్ట్ ఐటమ్ ఆన్ ది మెనూ’, ‘ది ఫస్ట్ నేమ్ ఆన్ ది లిస్ట్’, ‘ది బెస్ట్ ఫోన్ ఆన్ ది మార్కెట్’. పార్టీ, మీటింగ్, యూనివర్సిటీ లాంటివాటికి ‘ఎట్’: ‘ది యంగెస్ట్ పర్సన్ ఎట్ ది మీటింగ్’. టీమ్ దగ్గర మాత్రం సముద్రానికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ ఒప్పుకోరు. బ్రిటిష్‌వాళ్లు ‘ది బెస్ట్ ప్లేయర్ ఇన్ ది టీమ్’ అంటారు, అమెరికన్లు ‘ఆన్ ది టీమ్’ అంటారు. రెండూ సరైనవే. మీ పరీక్షలో ‘ఇన్’ రాయండి. బయట ‘ఆన్’ వినబడితే దిద్దబోకండి.

మరి ‘టాలెస్ట్ బాయ్ ఆఫ్ ది క్లాస్’ అనేది పచ్చి తప్పా? వ్యాకరణం ప్రకారం కొంప మునిగిపోదు. పాత పుస్తకాల్లో ఇలాంటి ‘ఆఫ్’లు కనబడతాయి, ‘ది యంగెస్ట్ ఆఫ్ ది ఫ్యామిలీ’ అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, ‘టాప్ ఆఫ్ ది క్లాస్’ అయితే రోజూ వింటాం. కానీ ఈనాటి ఇంగ్లిష్‌లో గుంపుపేరు ఏకవచనంలో వస్తే సహజంగా వినబడేది ‘ఇన్’. పరీక్షలో దిద్దేవారు చూసేదీ అదే. ‘టాప్ ఆఫ్ ది క్లాస్’ని చూపించి వాదించకండి. అక్కడ ‘టాప్’ నౌన్, దాని ‘ఆఫ్’ దానిది.

‘ది టాలెస్ట్ బిల్డింగ్ ఆఫ్ ది వరల్డ్’ కూడా ఇలాంటిదే. 2010లో తెరిచిన బుర్జ్ ఖలీఫా 828 మీటర్లతో ఇప్పటికీ ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం. దాని గురించి రాసేటప్పుడు ‘ఇన్ ది వరల్డ్’ అనండి, లేదంటే ప్రిపోజిషన్ గొడవే లేకుండా ‘ది వరల్డ్స్ టాలెస్ట్ బిల్డింగ్’ అనండి. పత్రికల హెడింగుల్లో ఎక్కువగా కనబడేది ఈ రెండోదే. రెండూ కలిపేసి ‘ది వరల్డ్స్ టాలెస్ట్ బిల్డింగ్ ఇన్ ది వరల్డ్’ అని మాత్రం రాయకండి. ఇది నేను తరచుగా చూసే తప్పు.

కాలం దగ్గరికి వద్దాం. అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. మీ ‘మై లైఫ్’ సందేహమూ ఇక్కడిదే.

రోజు ఒక సంవత్సరం కాదు, అయినా ‘ది లాంగెస్ట్ డే ఆఫ్ ది ఇయర్’ ఎందుకు? ఇందాకటి ప్రశ్న ఇక్కడ కాస్త మారుతుంది. సంవత్సరం అంటే ఏమిటి? రోజుల కుప్ప. జీవితం అంటే? అదీ రోజులే. ఆ మొత్తంలోంచి ఒక ముక్క తీసి ఇది అన్నిటికంటే పొడుగు, ఇది అన్నిటికంటే ఆనందం అంటున్నాం. ముక్కకీ మొత్తానికీ మధ్య ఇంగ్లిష్ పెట్టేది ‘ఆఫ్’. ‘ది కోల్డెస్ట్ మంత్ ఆఫ్ ది ఇయర్’, ‘ది బిజీయెస్ట్ డే ఆఫ్ ది వీక్’, ‘ది వర్స్ట్ మొమెంట్ ఆఫ్ మై లైఫ్’. క్లాసూ పిల్లలతోనే తయారవుతుంది కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. క్లాసుని, ఫ్యామిలీని, టీమ్‌ని ఇంగ్లిష్ ఒక చోటులాగా చూస్తుంది, మనిషి అందులో ఉంటాడు. సంవత్సరాన్ని ఇక్కడ ముక్కలుగా విడగొట్టదగిన మొత్తంలాగా చూస్తుంది. ఇది భాష అలవాటు. ఇంతకన్నా లోతుగా తవ్వితే నీళ్లు పడవు.

ఒక కాలానికి చెందిన మనుషుల గురించీ, పనుల గురించీ చెప్పినా ‘ఆఫ్’ వాడతారు: ‘ది గ్రేటెస్ట్ సైంటిస్ట్ ఆఫ్ ది ట్వంటీయత్ సెంచరీ’, ‘ది బెస్ట్ బ్యాట్స్‌మన్ ఆఫ్ హిజ్ జెనరేషన్’, ‘ది బిగ్గెస్ట్ హిట్ ఆఫ్ ది డికేడ్’. ఫలానా కాలం సొత్తు అన్న ధ్వని ఉంటుంది ఇందులో.

సోషల్ మీడియాలో అభిమానులు తమ ఆటగాడిని ‘గోట్’ అంటుంటారు కదా. ‘గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్’లోని మొదటి అక్షరాలు అవి. అందులో రెండో అక్షరం ‘ఆఫ్’. ‘ఆల్ టైమ్’ వస్తే ‘ఆఫ్’ అని గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే సులువు లేదు. కానీ ‘హిస్టరీ’ వస్తే ‘ఇన్’. 2009లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్‌ని ‘ది ఫాస్టెస్ట్ మాన్ ఇన్ హిస్టరీ’ అనాలి, ‘ది గ్రేటెస్ట్ స్ప్రింటర్ ఆఫ్ ఆల్ టైమ్’ అనాలి. చరిత్ర ఒక చోటులాంటిది, అందులో మనుషులూ సంఘటనలూ ఉంటాయి. ‘ఆల్ టైమ్’ ముందు ‘ఇన్’ పెట్టినా, ‘హిస్టరీ’ ముందు ‘ఆఫ్’ పెట్టినా చెవికి తేడాగా తగులుతుంది.

ఇక ‘పదేళ్లలో ఇంత తుఫాను లేదు’ లాంటివి. ఇక్కడ ‘టెన్ ఇయర్స్’ బహువచనం కదా అని ‘ఆఫ్’ పెట్టేస్తారు. తుఫాను ఒక సంవత్సరం కాదు, పది సంవత్సరాల్లో తనూ ఒకటి కాదు. పైగా ‘టెన్ ఇయర్స్’ అన్నది ఇక్కడ ఫలానా కాలం పేరు కాదు, వెనక్కి ఎంతవరకు చూశామో చెప్పే కొలత. కొలత వస్తే ‘ఇన్’: ‘ది వర్స్ట్ స్టార్మ్ ఇన్ టెన్ ఇయర్స్’, ‘ది హాటెస్ట్ డే ఇన్ ఫిఫ్టీ ఇయర్స్’. బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ ‘ఫర్’ కూడా వాడతారు: ‘ది కోల్డెస్ట్ వింటర్ ఫర్ ఫిఫ్టీ ఇయర్స్’. ‘ది లాస్ట్’ అని చేర్చి ఫలానా పదేళ్లు అని గీత గీసేస్తే అప్పుడది పేరున్న కాలం అయిపోతుంది, ‘ది బెస్ట్ ఫిల్మ్ ఆఫ్ ది లాస్ట్ టెన్ ఇయర్స్’ అనొచ్చు. అక్కడ ‘ఇన్’ అన్నా తప్పు లేదు. ఏ ఏడాది నుంచో చెప్పదలిస్తే ‘సిన్స్’: ‘ది వర్స్ట్ ఫ్లడ్ సిన్స్ 1998’.

ఇంకొకటి పత్రికల్లో రోజూ కనబడేది ‘ఆన్ రికార్డ్’. 2024ని ప్రపంచ వాతావరణ సంస్థ ‘ది వార్మెస్ట్ ఇయర్ ఆన్ రికార్డ్’గా ప్రకటించింది. అంటే కొలిచి రాసిపెట్టడం మొదలైనప్పటి నుంచి ఇంత వేడి ఏడాది లేదని. ఇక్కడ ‘ఇన్ రికార్డ్’ అనరు. మార్చడానికి వీల్లేని మాట, యథాతథంగా నేర్చేసుకోండి.

‘ఆఫ్ ది టూ’ గురించి రెండు ముక్కలు. ఇద్దరే ఉన్నప్పుడు పద్ధతి ప్రకారం సూపర్లేటివ్ రాదు, కంపేరటివ్ వస్తుంది: ‘ది టాలర్ ఆఫ్ ది టూ’. మాటల్లో ఇంగ్లిష్‌వాళ్లే ‘ది టాలెస్ట్ ఆఫ్ ది టూ’ అనేస్తుంటారు, కానీ పరీక్షలో మార్కు పోతుంది. ‘ది’ మాత్రం మర్చిపోకండి. ‘టాలర్ ఆఫ్ ది టూ’ అని ‘ది’ లేకుండా రాయడం కూడా తప్పే. ఇద్దరున్నారు కదా అని ‘బిట్వీన్’ పెట్టకండి, ఇక్కడ దానికి పనిలేదు.

‘అమాంగ్’ విషయం. ‘ది టాలెస్ట్ అమాంగ్ ది బాయ్స్’ తప్పు కాదు. కానీ మనవాళ్లు వాడినంతగా ఇంగ్లిష్‌వాళ్లు అక్కడ ‘అమాంగ్’ వాడరు, ‘ఆఫ్’తో సరిపెట్టేస్తారు. ముఖ్యంగా ‘అమాంగ్ ఆల్’ అనేది మన చేతిరాతలా దొరికిపోతుంది. ‘ది బెస్ట్ అమాంగ్ ఆల్’ అని రాయబోతుంటే ఆగి ‘ది బెస్ట్ ఆఫ్ ఆల్’ అని రాయండి. ‘అమాంగ్’ నిజంగా అవసరమయ్యే చోటు వేరే ఉంది. అది సూపర్లేటివ్ ముందు వస్తుంది. ‘షి ఈజ్ అమాంగ్ ది బెస్ట్ సింగర్స్ ఇన్ ది కంట్రీ’ అంటే ఉత్తమ గాయనుల్లో ఆమె ఒకరు అని. ‘షి ఈజ్ ది బెస్ట్ అమాంగ్ ది సింగర్స్’ అంటే అందరిలోకి ఆమే ఉత్తమం అని. మాట అటుదిటైతే అర్థం తలకిందులవుతుంది. ఒకావిడ పొగడ్త ఇంకొకావిడకి వెళ్లిపోతుంది!

‘వన్ ఆఫ్ ది టాలెస్ట్ బిల్డింగ్స్ ఇన్ ది వరల్డ్’ లాంటివాటిల్లో ‘ఆఫ్’ కనబడి కంగారు పెడుతుంది. ఆ ‘ఆఫ్’ ‘వన్’ది, ‘ఇన్’ సూపర్లేటివ్ తర్వాత వచ్చే చోటుది. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని మార్చకండి. ‘బిల్డింగ్స్’ అని బహువచనం ఉండాలన్నది ఎలాగూ తెలిసే ఉంటుంది.

ఇక్కడ మనకి మాత్రమే ఎదురయ్యే ఇంకో గుంట ఉంది. తెలుగులో సూపర్లేటివ్‌కి ప్రత్యేకంగా ప్రత్యయం లేదు. ‘అందరిలోకి పొడుగు’ అన్నా ‘అందరికంటే పొడుగు’ అన్నా మనకి ఒకటే. ఆ ‘కంటే’ని ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లి ‘ది టాలెస్ట్ దాన్ ఆల్’ అని రాసేస్తుంటారు. ‘దాన్’ కంపేరటివ్ సొత్తు, సూపర్లేటివ్ దాన్ని దగ్గరికి రానివ్వదు. మీ బుర్రలో వాక్యం ‘కంటే’, ‘కన్నా’తో మొదలైతే దాన్ని కంపేరటివ్‌గానే రాసేయండి: ‘రవి ఈజ్ టాలర్ దాన్ ఎనీ అదర్ బాయ్ ఇన్ ది క్లాస్.’ ఇందులో ‘అదర్’ ముఖ్యం. అది లేకపోతే రవి తనకంటే తనే పొడుగైనట్టు అవుతుంది, ఎందుకంటే రవీ ఆ క్లాసులోవాడే. ‘లో’తో మొదలైతే సూపర్లేటివ్‌కి వెళ్లండి. డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ మార్చే ప్రశ్నల్లో అడిగేది సరిగ్గా ఇదే మార్పు. మూడు వాక్యాల్లోనూ ‘ఇన్ ది క్లాస్’ మారకుండా ఉండిపోవడం గమనించారా? పాజిటివ్ డిగ్రీలో ‘నో అదర్ బాయ్ ఇన్ ది క్లాస్ ఈజ్ యాజ్ టాల్ యాజ్ రవి’. చోటు చెప్పే ప్రిపోజిషన్‌కి డిగ్రీతో పనిలేదని ఇందాక అన్నది ఇందుకే.

కొన్నిసార్లు సూపర్లేటివ్ తర్వాత కనబడే ప్రిపోజిషన్ అసలు పోలికది కాదు, ముందున్న నౌన్‌దో ఎడ్జెక్టివ్‌దో. ‘ది బెస్ట్ సొల్యూషన్ టు ది ప్రాబ్లమ్’లో ‘టు’ ‘సొల్యూషన్’ వెంట వచ్చింది. ‘ది బిగ్గెస్ట్ థ్రెట్ టు’, ‘ది మెయిన్ రీజన్ ఫర్’, ‘ది బెస్ట్ పార్ట్ ఆఫ్’ అన్నీ ఇంతే. ‘షి ఈజ్ ది బెస్ట్ ఎట్ చెస్’లో ‘ఎట్’ ఏ పనిలో దిట్టో చెబుతుంది, ఎవరిలోకి దిట్టో చెప్పదు. పరీక్ష సులువే: సూపర్లేటివ్ తీసేసి చూడండి. ‘ఎ సొల్యూషన్ టు ది ప్రాబ్లమ్’, ‘గుడ్ ఎట్ చెస్’. ప్రిపోజిషన్ అలాగే నిలబడిందంటే అది వేరే మాటకి చెందింది, మీరు దాన్ని ముట్టుకోకూడదు.

ఈ రెండు రకాలూ ఒకే వాక్యంలో కలిసినప్పుడు పిల్లలు తడబడతారు. బుధుడి మీద ఒక వాక్యం చూడండి: ‘ఆఫ్ ది ఎయిట్ ప్లానెట్స్ ఇన్ ది సోలార్ సిస్టమ్, మెర్క్యురీ ఈజ్ ది క్లోజెస్ట్ టు ది సన్.’ ఎనిమిది గ్రహాల్లో బుధుడూ ఒకడు కాబట్టి ‘ఆఫ్’. ఆ ఎనిమిదీ ఎక్కడున్నాయో చెప్పడానికి ‘ఇన్’. ‘క్లోజ్’ ఎప్పుడూ వెంటేసుకొచ్చేది ‘టు’. మూడూ ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నాయి. ఇంకోటి కూడా చూడండి, ‘ఆఫ్’ భాగాన్ని వాక్యం మొదటికి తెచ్చి కామా పెట్టాం. పోలికని చెప్పే ‘ఆఫ్’ని ఇలా ముందుకి తేవచ్చు, రాతలో చాలా హుందాగా ఉంటుంది. ‘సొల్యూషన్ టు’లోని ‘టు’ని ఇలా ముందుకి లాగి చూడండి, వాక్యం విరిగిపోతుంది.

‘ఆఫ్ ఎనీ’ అని ఒకటుంది, మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా చెప్పరు. ‘ది బ్లూ వేల్ హాజ్ ది లార్జెస్ట్ హార్ట్ ఆఫ్ ఎనీ యానిమల్.’ నీలి తిమింగలం గుండె జంతువులన్నిటి గుండెల్లోకి పెద్దది. ‘హాజ్’ ఉన్న వాక్యాల్లో, అంటే ఎవరికి ఏది ఎక్కువగా ఉందో చెప్పే వాక్యాల్లో, ‘ఆఫ్ ఎనీ’ వెనక ఏకవచనం పెట్టి రాస్తే వాక్యం ఇంగ్లిష్‌వాళ్లు రాసినట్టే ఉంటుంది. ‘ఆఫ్ ఆల్ యానిమల్స్’ అన్నా ఫరవాలేదు.

‘ది యంగెస్ట్ పర్సన్ టు విన్ ది నోబెల్ ప్రైజ్’ లాంటి వాక్యాల్లోని ‘టు’ ప్రిపోజిషనే కాదు, క్రియ ముందు వచ్చే ‘టు’. 2014లో పదిహేడేళ్ల వయసులో ఆ బహుమతి అందుకున్న మలాలా యూసఫ్‌జాయ్ గురించి రాయాలంటే ఇదే కావాలి. ‘ఫర్ విన్నింగ్’, ‘ఇన్ విన్నింగ్’ అని రాయకండి. ‘ది ఫస్ట్’, ‘ది లాస్ట్’, ‘ది ఓన్లీ’ తర్వాత కూడా ఇదే ‘టు’.

చివరగా ‘ఎవర్’. ‘ఇట్ ఈజ్ ది బెస్ట్ ఫిల్మ్ ఐ హావ్ ఎవర్ సీన్’ అన్నప్పుడు ప్రిపోజిషన్ ఏదీ అక్కర్లేదు. ‘ఐ హావ్ ఎవర్ సీన్’ అనే చిన్న వాక్యమే ఎంతవరకు పోలుస్తున్నారో చెప్పేస్తుంది: నేను ఇప్పటిదాకా చూసినవాటిలో అని. దాని తర్వాత ‘ఇన్ మై లైఫ్’ తగిలించాలా అని అడిగారు. మాటల్లో ఒత్తిచెప్పడానికి ఇంగ్లిష్‌వాళ్లూ తగిలిస్తారు గాని రాతలో అనవసరం. ఒకవేళ తగిలిస్తే అక్కడ ‘ఇన్’ అనే రావాలి, ‘ఆఫ్ మై లైఫ్’ కాదు. చూడటం అనే పని నా జీవితంలో జరిగింది, సినిమా నా జీవితంలో ముక్క కాదు. ‘ది హ్యాపియెస్ట్ డే’ మాత్రం ఆ జీవితంలో ముక్కే, అందుకే దానికి ‘ఆఫ్ మై లైఫ్’.